లేఖ – లకోటా – తపాలా ముద్ర: కళింగాంధ్ర లేఖల పరిష్కరణముపై నొక పరిశీలనము

పాత యుత్తరములను సేకరించువారు రెండు తెగలుగా నున్నారు. మొదటి తెగవారికి లకోటా కావలెను. అందలి యుత్తరముతో వారికి పని లేదు. స్టాంపు, దానిపై బడిన ముద్ర, ఆ ముద్రలోని యూరిపేరు, తేది – ఇవి వారికి సర్వస్వము. రెండవ తెగవారు సాహిత్యపరులు, అనగా మనము. మనకు ఉత్తరములోని వాక్యములు కావలెను. లకోటా చెత్తబుట్టకు పోయినను చింత లేదు. ఒకరు పారవేసినదాని నింకొకరు దాచుచున్నారు గాని ఆ రెండును మరల నొకచోట గూడుట యరుదు. ఈ వేర్పాటు వలన తెలుగు సాహిత్యచరిత్రకు గలుగుచున్న నష్ట మెట్టిదో శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములకు సంబంధించిన లేఖల నాధారముగా గొని పరిశీలించుట యీ వ్యాసము నుద్దేశము.

ఈ ప్రాంతమునే యేల గ్రహింపవలె నన్నచో సమాధానము సులభము. వ్యావహారిక భాషోద్యమమునకు పుట్టినిండ్లు విజయనగరమును పర్లాకిమిడియు. గురజాడ అప్పారావుగారు (1862–1915) విజయనగర సంస్థానమున, గిడుగు రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడి పాఠశాలలో జీవితములో పెద్ద భాగమును గడపిరి. విజయనగరమున సహాధ్యాయులుగా చదివిన యా యిరువురును పెద్దలైన పిదప వేర్వేరు ఊళ్ళలో నుండవలసి వచ్చుటచేత వారి యాలోచనలు కాగితముపై కెక్కినవి. ఒకే యూర నుండియున్నచో సాయంకాలము అరుగు మీద ముగిసిపోవలసిన సంభాషణము తపాలాలో సాగినది. గిడుగువారి ‘తెలుగు’ పత్రిక 1919లో వెలువడునప్పటికి గురజాడవారు కీర్తిశేషులై నాలుగేండ్లు గడచినవి. కావున ఉద్యమపు తొలినాళ్ళ చరిత్రకు లేఖలను మించిన సాక్ష్యము తక్కువ. 1914 నాటి గురజాడవారి అసమ్మతిపత్రము ఫలితము. ఆ ఫలితమునకు దారితీసిన నడక లేఖలలో నున్నది.

ఆ లేఖలు మనకెట్లు లభించినవి? 1950–60 దశాబ్దమున విశాలాంధ్ర ప్రచురణాలయమువారు అవసరాల సూర్యారావుగారి సంపాదకత్వమున గురజాడవారి లేఖలను, దినచర్యలను ప్రకటించి ఆంధ్రలోకమునకు మహోపకార మొనర్చిరి. ఆ దినచర్యలలోను లేఖలలోను అధికభాగ మాంగ్లమున వ్రాయబడినది. సూర్యారావుగారు దానిని తెనిగించిరి. ఆంగ్లము రాని పాఠకునకు గురజాడవారి హృదయమును చూపవలెనన్నది వారి సంకల్పము. అది చక్కగా నెరవేరినది. వారిని తప్పుపట్టుట నా యభిమతము కాదు. దోషము తరువాతివారమైన మనది. అనువాదపాఠమునుండి వాక్యములను ఎత్తి, వాని క్రింద గురజాడవారి పేరు వ్రాసి, ‘ఇది గురజాడ వచనమందలి సారళ్యము’ అని నిర్ణయించు నలవాటు మనలో నున్నది. ఆ సారళ్యము కొంతవరకైనను సూర్యారావుగారిది. 1950ల నాటి తెలుగు వచనము 1910 నాటి తెలుగు వచనము కాదు. నడుమ నలువదేండ్ల పత్రికాభాష గలదు. ఆ నలువదేండ్ల మార్పును గురజాడవారి ఖాతాలో వ్రాసి, పిమ్మట ‘ఆయన తన కాలమున కెంత ముందుండెను!’ అని ఆశ్చర్యపడుట శాస్త్రీయము కానేరదు.

2012లో, గురజాడవారి నూటయేబదవ జయంతి సందర్భమున, మనసు ఫౌండేషనువారు ‘గురుజాడలు’ అను బృహత్సంపుటమున వారి తెలుగు రచనలను, ఆంగ్ల రచనలను ఒక్కచో జేర్చిరి. కనుక మూలము చూచుట కవకాశము లేదను మాట యిప్పుడు చెల్లదు. అయినను అనువాదమునే మూలముగా నెంచు నలవాటు తొలగలేదు. సులభమైన పుస్తకము చేతికందినప్పుడు కష్టమైనదానిని తెరచు నోపిక యెందరికి?

ఇందు శైలివిచారముకన్న పెద్ద ప్రశ్న యొకటి మరుగుపడిపోయినది. జీవద్భాషకై పోరాడిన మహానుభావుడు తన స్వంత ఉత్తరములను ఆంగ్లమున నేల వ్రాసెను? జె.ఎ. యేట్సు దొరకు ఆంగ్లమున వ్రాయుట సహజము. పి.టి. శ్రీనివాస అయ్యంగారు తమిళులు, అదియు సహజమే. ‘సారంగధర’ అను ఆంగ్లకావ్యమును చూచి మెచ్చిన కలకత్తా పత్రికాధిపతి శంభుచంద్ర ముఖర్జీతో వేరొక భాషలో సంభాషించుట పొసగదు. కాని తెలుగువారైన మిత్రులకు సయితము ఆంగ్లమున వ్రాసిన సందర్భములు గలవు. ఇది కపటమా? కాదు. నాటి విద్యావంతునకు విచారము చేయుటకు ఆంగ్లము, ఆత్మీయత చూపుటకు తెలుగు అలవాటై యుండెను. ఉత్తరమున ఏ వాక్యమువద్ద ఆంగ్లము నాగి తెలుగుమాట దూరినదో గమనించినచో, ఏ భావములకు నాటి తెలుగు వచనమున ఇంకను పాదు కుదురలేదో తెలియును. అదియే గదా గురజాడ, గిడుగుల వాదమునకు ప్రాణము! శాస్త్రవిచారమునకు, పరిపాలనకు పనికివచ్చు వచనము తెలుగున లేదనియు, దానిని జనవ్యవహారమునుండి నిర్మింపవలెననియు వారి పక్షము. ఆ కొరతకు వారి ఉత్తరములే నిదర్శనములు. అన్నింటిని ఒకే తెలుగులోనికి మార్చి, ఏది మూలమో ఏది యనువాదమో యెత్తు చూపక చదువుచున్నచో ఆ నిదర్శనము తుడిచిపెట్టుకొని పోవును, ప్రశ్నయే పుట్టదు.

ఇక కాలనిర్ణయము. ఇచ్చటనే లకోటా మనకు గురువు కావలెను. పండితులును గృహస్థులును వ్రాసిన పాత యుత్తరములలో క్రీస్తుశకము కానరాదు. సంవత్సరనామము, మాసము, తిథి మాత్రముండును. ‘శుభకృత్ ఆషాఢ బహుళ పంచమి’ అని యున్నదనుకొందము. శుభకృత్తు 1842–43లో వచ్చినది, 1902–03లో వచ్చినది, 1962–63లో మరల వచ్చినది. అరువదేండ్ల చక్రమున ఏ చుట్టులో నున్నామో ఉత్తరము చెప్పదు. పైగా శుభకృత్తు తరువాతి సంవత్సరము శోభకృత్తు. ఆ రెండింటికి ఒక్క స్వరభేదమే. త్వరగా వ్రాసిన చేతివ్రాతలో ఉకారమేదో ఓకారమేదో పోల్చుట కష్టము. నకలు తీసినవాడు పొరపడినచో సంవత్సరకాలపు తేడా వచ్చును. లకోటా యున్నచో ఈ చిక్కు క్షణములో విడిపోవును.

లకోటాపై ఏమేమి చూడవలెను? 1854 అక్టోబరు 1వ తేదినుండి దేశమంతట దూరముతో నిమిత్తము లేక, తూకమును బట్టి రుసుము నిర్ణయమైనది. పావుతులము ఉత్తరమునకు అర్ధణా. అంతకు పూర్వపు ఉత్తరములపై స్టాంపు లేదు. రుసుము చేతివ్రాతతోనో ముద్రతోనో గుర్తింపబడి యుండును. స్టాంపులపై 1882 వరకు ‘ఈస్టిండియా’ అనియు, పిమ్మట ‘ఇండియా’ అనియు నుండును. 1879 జూలైలో కాలణా కార్డు వచ్చినది; కావున కార్డుపై వ్రాసిన ఉత్తరము అంతకు ముందటిది కాదు. విక్టోరియా రాణి ముఖము పోయి 1902లో ఎడ్వర్డు ముఖము, 1911లో అయిదవ జార్జి ముఖము వచ్చినవి. ‘కన్యాశుల్కము’ ద్వితీయముద్రణము 1909లో వెలువడినది గదా. దానిని గురించిన మొదటి అభిప్రాయలేఖలు ఎడ్వర్డు ముఖముతో ప్రయాణించినవని చెప్పవచ్చును. 1922లో కార్డు అర్ధణా, ఉత్తరము అణా అయినవి. స్వాతంత్ర్యానంతరము 1950 అక్టోబరు 2న ఇన్‌లాండు ఉత్తరము, 1957లో నయాపైసలు, 1972 ఆగస్టు 15న పిన్‌కోడు. వీనిలో ప్రతియొక్కటియు ఒక గట్టుమేర. ‘దీనికి ముందుది కాదు’ అని నిష్కర్షగా చెప్పగలవు. ‘దీని తరువాతిది కాదు’ అని మాత్రము చెప్పజాలవు, ఏలయన ఇంట మిగిలియున్న పాత స్టాంపును క్రొత్త రాజు కాలమున నంటించుటకు అడ్డు లేదు. ఈ తారతమ్యమును మరచి తేదీలు నిర్ణయించిన పరిశోధకుని చూచి స్టాంపుల సేకర్తలు నవ్వుదురు; వారి నవ్వు న్యాయమైనదే.

ముద్ర స్టాంపుకన్న బలవత్తరము. తొలినాళ్ళలో స్టాంపును రద్దుచేయుటకు ఊరిపేరు లేని సంఖ్యాముద్రలు కూడ వాడినారు. తేదియు ఊరిపేరును గల గుండ్రని ముద్ర లకోటాపై వేరొకచోట, తరచుగా వెనుకవైపున, పడియుండును. పంపిన కచ్చేరి ముద్ర, చేరిన కచ్చేరి ముద్ర రెండును స్పష్టముగా నున్నచో ఉత్తరము దారిలో నెన్నాళ్ళుండెనో తేలును. 1893–96 మధ్య తూర్పుతీరపు రైలుమార్గము బెజవాడనుండి కటకము వరకు తెరువబడిన తరువాత ఈ ప్రాంతపు తపాలా నడకయే మారిపోయినది. శ్రీకాకుళ పట్టణమునకు రైలు రాలేదు. ఆముదాలవలసలోని స్టేషనుకు ‘చికాకోల్ రోడ్’ అని పేరుపెట్టిరి. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి చిన్నరైలు పడినది. ఒక వాదమున ప్రత్యుత్తరము పదిదినములకు వచ్చెనా, మూడుదినములకు వచ్చెనా యన్నది సాహిత్యవిచారమునకు సంబంధింపనిదా? కోపము చల్లారుటకు వ్యవధి యున్న యుత్తరమునకును వేడిమీద వ్రాసినదానికిని స్వరములో భేదముండును. ‘గురజాడవారి దిచ్చట ఉద్రేకము’ అని వ్యాఖ్యానించువారు ఆ యుద్రేకపు వయసెంతో తెలిసికొని వ్యాఖ్యానింపవలదా?

ఊరిపేర్లు వేరొక కథ. ముద్రలమీద శ్రీకాకుళము ‘చికాకోల్’గా, విజయనగరము ‘విజియానగ్రం’గా, విశాఖపట్టణము ‘విజగపటం’గా, భీమునిపట్టణము ‘బిమ్లిపటం’గా కనబడును. తెలుగులో ‘విజయనగరము’ అని వ్రాసినంతనే హంపీ విజయనగరముతోను, ఆధునిక పత్రికాలేఖల యందు విజయవాడతోను కలగలుపు ఏర్పడుట కలదు. ఉత్తరముపై ‘విజయనగరము’ అని మాత్రముండి లకోటా పోయినచో, వ్రాసినవాని పరిచయము లేని పాఠకునికి దిక్కుతోచదు. ఆంగ్లముద్ర యందలి వికృతరూపమే యీ విషయమున మనకు సుకృతమైనది. ‘విజియానగ్రం’ మరి యే యూరికిని పేరు కాదు.

జిల్లా పేరు సయితము కాలమాపకము. శ్రీకాకుళము 1936 వరకు గంజాము జిల్లాలోనిది. ఆ యేడు ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాము విభజింపబడి, శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాకు పోయినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా యేర్పడినది. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా. ఇక పార్వతీపురము సంగతి చూడుడు: విశాఖపట్టణము జిల్లా, శ్రీకాకుళము జిల్లా, విజయనగరము జిల్లా, 2022 ఏప్రిలునుండి పార్వతీపురం మన్యం జిల్లా. ఒకే యింటి గడప కదలలేదు; చిరునామా మూడుసార్లు మారినది. ‘పార్వతీపురము, శ్రీకాకుళము జిల్లా’ అని యున్న తేదిలేని ఉత్తరము 1950కిని 1979కిని మధ్యదని తెలియుటకు పండితుడు కానక్కరలేదు, చిరునామా చదివినచాలు. అలవాటుగా పాతజిల్లా పేరే మరికొన్నేండ్లు వ్రాయువా రుందురు. కాన పై గట్టును కొంత సడలించుకొనవలెను, క్రిందిగట్టు మాత్రము స్థిరము.

గిడుగువారి చిరునామా యందు ఈ చరిత్ర బాధగా వ్రాయబడి యున్నది. 1880నుండి పర్లాకిమిడియే తమ నివాసమైన యా వృద్ధుడు, ఆ పట్టణము ఒరిస్సాలో చేరుటను సహింపలేక 1936లో రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. అర్ధశతాబ్ది దాటిన చిరునామా డెబ్బది మూడవయేట మారినది. సవరభాషాకృషి, పాఠశాల, శిష్యులు – అన్నియు వెనుక నిలిచిపోయినవి. వారికి వచ్చిన లేఖలను ముద్రించునప్పుడు చిరునామాపంక్తిని అనవసరమని తొలగించినచో పాఠకుడు కోల్పోవునది ఇట్టిది.

లకోటా యున్నంత మాత్రమున సర్వము సిద్ధింపదు. తపాలాముద్ర పంపిన దినమును చెప్పునుగాని వ్రాసిన దినమును చెప్పదు. ఒకరి యుత్తరము వేరొకరి లకోటాలో చేరుట గృహములలో సర్వసామాన్యము. అందుచేత కాగితము మడతలు లకోటా కొలతతో సరిపోవుచున్నవా యని మొదట చూడవలెను. కార్డునకు ఈ సందేహము లేదు. ముద్రయు మాటయు ఒక్క యట్టమీదనే యున్నవి. మన పూర్వుల యిండ్లలో వంకీ తిరిగిన ఇనుపతీగకు వచ్చిన కార్డును వచ్చినట్లు గుచ్చుచుండెడివారు. అడుగున పాతది, పైన క్రొత్తది. ఆ తీగ ఒక వరుస తప్పని గ్రంథము. సేకర్త వచ్చి, పేరుపొందినవారి కార్డులను మాత్రమే యూడబెరికి తక్కినవానిని వదలివేసినచో ఆ గ్రంథము చినిగినట్లే. క్రిందను మీదను ఉన్న సామాన్యుల కార్డులే నడుమనున్న తేదిలేని కార్డునకు కాలము చెప్పు సాక్షులు.

సామాన్యుల ప్రసక్తి వచ్చినది గనుక నా ప్రధానమైన యసంతృప్తిని ఇచ్చట వెల్లడింతును. మన లేఖాసంపుటములన్నియు ప్రసిద్ధులవి. ఈ తీరమునుండి వేలకొలది జనులు కళింగపట్నము, భీమునిపట్నము, బారువ రేవులలో ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయిరి. ఆ నగరము మన జనుల నోట ‘రంగము’. అక్కడినుండి కార్డులు, మనియార్డరులు ఈ పల్లెలకు వచ్చెడివి. 1937 ఏప్రిలు 1న బర్మా విడిపోవువరకు అక్కడను వాడినవి భారతదేశపు స్టాంపులే. ఆ తరువాతనే బర్మాకు వేరు స్టాంపులు. 1942లో యుద్ధభయముచే జనులు అడవిదారుల పరుగెత్తి వచ్చుటతో ఆ రాకపోకలు తెగినవి. స్టాంపుల సేకర్త యీ కార్డును రంగూను ముద్రకై కొనును. సాహిత్యపరుడు దీనిని ముట్టడు. ఇందేమున్నది, డబ్బు పంపితిని, అందినట్లు వ్రాయవలెను, పిల్లవానికి జ్వరము తగ్గినదా – ఇంతే గదా! అయితే విచారించుడు: కళింగాంధ్ర మాండలికమును నూరేండ్ల క్రిందట పలికినవాని మాటకు దగ్గరగా చూపగల వ్రాతలు మరెచ్చట నున్నవి? వ్రాత రానివాడు వేరొకనిచేత వ్రాయించుకొనుచు చెప్పిన వాక్యములలో, ‘మహారాజశ్రీ’, ‘ఉభయకుశలోపరి’ అను వ్రాయసగాని గ్రాంథికపు తోరణము దాటిన తరువాత, పల్లెమాట వినబడును. ఎచ్చట వ్రాయసగాడు మాట్లాడుచున్నాడు, ఎచ్చట కూలివాడు మాట్లాడుచున్నాడు అని వేరుచేయుట పరిశోధకునికి తగిన పని. మనియార్డరు కాగితము కొసనున్న చిన్న కూపనుమీద వ్రాసిన రెండు పంక్తులు సయితము ఇందు లెక్కకు రావలెను. గిడుగువారు తమ వాదమునకు బలముగా నిత్యవ్యవహారపు వ్రాతలను చూపిన సంగతి తెలిసియు, వారిపై సిద్ధాంతవ్యాసములు వ్రాయు మనము వారి మార్గమున ఈ కార్డులను చదువకుండుట విడ్డూరము.

మిగిలిన యుత్తరములను బట్టి గతజీవితమును ఊహించుటలో ఒక జాగ్రత్త యవసరము. మన యాచారమున చావుకబురు తెచ్చిన యుత్తరమును ఇంటిలోనికి తీసికొనిపోరు. గుమ్మము బయటనే చదివి చింపివేయుదురు. శుభలేఖకు మూలల పసుపు పూసి దాచుకొందురు. కావున ఏ కుటుంబపు కట్టను విప్పినను పెండ్లిండ్లు మెండు, మరణములు మృగ్యము. ఆ కట్టను చదివి, ఆ కుటుంబమున దుఃఖమే లేనట్లు, లేదా ఉత్తరములలో దుఃఖము పలుకుటకు మనవారు సంకోచించినట్లు తీర్మానించుట పొరపాటు. మరణవార్త తెలుగులేఖలో నెట్లు చెప్పుచుండిరో తెలుపు నుదాహరణలు ఆచారముచేతనే అరుదైనవి. కనబడినదానిని విశేషించి భద్రపరుపవలెను.

ఇకమీద లేఖలను పరిష్కరించువారు ప్రతి లేఖకు పైన కొన్ని విషయములను తెలుపవలెను. మూలభాష యేది? అనువాదమైనచో ఎవరిది, ఏ యేటిది? లేఖలో వ్రాసిన తేది యేది, ముద్రలోని తేది యేది? రెండును లేక సంపాదకుడు ఊహించిన తేదియైనచో ఆ సంగతి చెప్పవలెను. ఊహించుట తప్పు కాదు, ఊహను దాచుట తప్పు. మూలము నేడు ఎవరి యధీనమున నున్నదో, వారి సమ్మతి యున్నదో చూడవలెను. బ్రతికియున్న కుటుంబముల గుట్టు పరిశోధనము పేరిట బజారుకెక్కరాదు. లేఖకు ముందు వెనుకలనున్న సంబోధన, ఆశీస్సు, క్షేమవార్తలను ‘సాహిత్యేతరము’ అని కత్తిరింపరాదు. ‘చిరంజీవి’ అని సంబోధించినవానిని మరి రెండేండ్లకు ‘మహారాజశ్రీ’ యనుట మొదలిడినచో ఆ యిరువురి మధ్య నేదో జరిగినదన్నమాట. దానిని కత్తిరించినవాడు కథను కత్తిరించినాడు.

2025లో తపాలాశాఖ రిజిస్టర్డు తపాలాను స్పీడుపోస్టులో విలీనము చేసినది; ఆ గుర్తులు గల లకోటాలు సయితము ఇక సేకర్తల సొత్తు. వానికి ధర పలుకుటతో పాతకట్టలు విడివిడిగా అమ్ముడుపోవుచున్నవి. వానిని కొనుటకు మన శాఖలకు ధనము లేకపోవచ్చును. అమ్మకమునకు ముందు యజమాని యనుమతితో ఛాయాచిత్రము తీసికొనుటకు చేతిలోని ఫోను చాలును. అయితే రెండువైపుల తీయవలెను. పిల్లలు తమ పుస్తకములలో నంటించుకొనుటకై కాలణా కార్డుల మూలనున్న రాజు ముఖమును కత్తెరతో కోసికొనుట నాటి యిండ్లలో వినోదము. ముఖము పోయినచోట వెనుకవైపున సంబోధనమో సంతకమో పోవును. అట్టి కార్డు చేతికి వచ్చినప్పుడు, పోయిన యక్షరములను ఊహతో పూరింపక, చతురస్రముగా నెంత మేర లేదో కొలిచి వ్రాయవలెను.